కఫీలు అడిగిన చుట్టీ

నిన్న పొద్దున ఎండు ఖర్జూరపు మట్టలు మంటేసుకుని చేతులు కాచుకుంటూ ఉండగా జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే నేను అడిగిన సెలవు, మా మాటలో చుట్టీ, మంజూరైందనీ, ఫలానా తేదీలోగా తిరిగి రావాలనీ ఒక సందేశం. టీ తాగడం మొదలుపెట్టే ముందు వేలితో నొక్కి అడిగాను, గ్లాసు ఖాళీ కాకముందే జవాబు వచ్చేసింది. పాస్‌పోర్టు మనల్ని రప్పించుకున్న యజమాని, అంటే కఫీలు, బీరువాలో పెట్టి ఏళ్ళకేళ్ళు బతికిన నా ఈడువాళ్ళకు ఇది ఎంత సుఖమో నేను వేరే చెప్పనక్కర్లేదు, ఒక్క సంతకం కోసం ఆయన గడప ముందు చెప్పులు విడిచి నిలబడ్డ తరం మనది. అయినా ఆ సందేశం చూడగానే సంతోషానికి బదులు గుండె గుభేలుమంది. ఏదో జరగవలసింది జరగకుండానే పని అయిపోయినట్టు అనిపించింది. ఆ భయం ఎక్కడిదా అని ఆలోచిస్తూ కూర్చుంటే మంట ఆరిపోయింది, నా ఆలోచన మాత్రం చైనాలోని గ్వాంగ్జౌ దాకా పోయింది.

జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి మోటార్లు బాగుచేసే పనివాడిగా సౌదీలోని ఈ ఉనైజా ఖర్జూరపు తోటకు వచ్చినప్పుడు మా కఫీలుకు గడ్డం ఇంకా సగం నలుపే. మనిషి పొడుగు, గొంతు అంతకంటే పెద్ద. నీళ్ళ మోటారు కాసేపు ఆగితే చాలు, తోట ఆ చివరి నుంచి ఈ చివరికి ఆయన కేక వినిపించేది. ఆయనంటే నాకు భయం. దాచుకోవడం దేనికి, అందరికీ భయమే. చుట్టీ అడగాలంటే నేను వారం ముందు నుంచే అన్నం సరిగా తినేవాణ్ణి కాదు. ఆయన మాత్రం ఎవరికీ కాదనేవాడు కాదు. కాగితం మీద కలం ఆనించి, తలెత్తి, ఒకే ఒక్క మాట అడిగేవాడు. ఆయన అరబ్బీలోనే అడిగేవాడు గాని ఇన్నేళ్ళ తర్వాత అది నా చెవికి మా ఊరి మాటలోనే వినిపిస్తుంది.

"ఎప్పుడొస్తవ్?"

రెండు నెలలు అని చెబితే, ఆ మాట నిజమో కాదో తూచి చూస్తున్నట్టు ముఖంలోకి కాసేపు చూసి, అప్పుడు సంతకం పెట్టేవాడు. ఆ ప్రశ్న ఆయనకు అంత ముఖ్యం ఎందుకో చాలా ఏళ్ళ తర్వాత ఒక చలికాలం సాయంత్రం, మంట దగ్గరే, ఆయన నోటితోనే విన్నాను. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఈ ప్రాంతంలో తిండికి కరువై జెద్దా రేవులో బస్తాలు మోశాడట. తల్లికి జబ్బు చేసిందని ఊరివాళ్ళు వచ్చి చెబితే, పని పెట్టిన మేస్త్రీ, ఆయన మాటలో ముఅల్లిం, ఓడలు ఖాళీ అయ్యేదాకా కదలనివ్వలేదట. ఈయన ఇల్లు చేరేసరికి తల్లిని మట్టి చేసి వచ్చేశారు. అంతవరకే చెప్పి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

కరోనా రాకముందు ఒక చలికాలం ఆయన మోకాళ్ళు మొరాయించాయి. ఉనైజా చలి తెలియనివాళ్ళు ఎడారిలో చలేమిటని నవ్వుతారు గాని, తెల్లవారుజామున పైపులో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. వయసులో ఉన్నప్పుడు ఖర్జూరాలు నింపే అట్టపెట్టెలూ దుప్పట్లూ కొనడానికి ఆయన గ్వాంగ్జౌ వెళ్ళివచ్చేవాడు, అక్కడ చలికాలంలో కూడా పల్చని చొక్కాతో తిరగవచ్చని చెబుతుండేవాడు. నాలుగు రోజులు ఆ వెచ్చదనంలో ఉండివద్దామని మనసు పడ్డాడు. పెద్ద కొడుకు తోడు వెళ్ళవలసింది, బయల్దేరే సమయానికి ఏదో పని అడ్డం వచ్చి, నన్ను వెళ్ళమన్నాడు. అరబ్బీ వచ్చు, హిందీ వచ్చు, ముసలాయన తిట్లకు అలవాటుపడ్డవాణ్ణి, ఇంతకంటే తోడు ఎవరు దొరుకుతారు?

ఇంటికి ఫోను చేసి నా భార్యకు చెప్పాను.

"చైనానా? ఆడ నీకేం పని?" అంది. "పోతే పో గని, నీ పాస్‌పోర్ట్ నీ దగ్గర్నే పెట్టుకో. ముసలాయనకేమన్న అయితే నిన్ను ఎవ్వలు తోలిస్తరు?"

ఆ మాట ముల్లులా దిగింది. జెద్దాలో విమానం మారేటప్పుడు పాస్‌పోర్టు అడుగుదామనుకున్నాను, నోరు పెగల్లేదు. ఆయన రెండు పాస్‌పోర్టులూ నడుముకు కట్టుకున్న తోలు సంచీలో పెట్టి, దానిమీద రెండుసార్లు తట్టి, పద అన్నాడు.

గ్వాంగ్జౌలో దిగగానే ఒంటికి తగిలిన గాలి నిజంగా వెచ్చగా, కొంచెం చెమ్మగా ఉంది. ఇళ్ళ ముందూ దుకాణాల ముందూ కుండీల్లో చిన్న చిన్న నారింజ చెట్లు, ఆకుకొక కాయ చొప్పున. మేం దిగిన పేటంతా వ్యాపారానికి వచ్చే అరబ్బులదే, బోర్డుల మీద చైనా రాత పక్కనే అరబ్బీ రాత. ఆయన ఇరవై ఏళ్ళు చిన్నవాడయ్యాడు. ఆయనకు హలాల్ భోజనం చూసిపెట్టే పని నాది. మెడలో కొండగట్టు అంజన్న బిళ్ళ వేసుకున్నవాణ్ణి, వీధి వీధీ తిరిగి, ఇది హలాలేనా, ఒట్టు పెట్టు అని వంటవాళ్ళను నిలదీస్తుంటే, అక్కడ హోటలు నడిపే లాహోరు మనిషి ఒకడు పగలబడి నవ్వాడు. ఆ రెండు రోజులూ నేనూ నవ్వాను. నా జన్మకు ఇదొక విహారయాత్ర అనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం ఆయన గది కిటికీ దగ్గర నిలబడి, జెద్దా చాలా మారిపోయింది కదా అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఓడలు ఎటు వస్తాయని అడిగాడు. ఏమనాలో తోచక, నది అటువైపు ఉందని చేయి చూపించాను. తలూపి పడుకున్నాడు. అప్పుడు మొదలైంది నా భయం. వయసు మీదపడ్డవాళ్ళ మతిమరుపు మన ఇళ్ళలోనూ చూశాం, కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోతారు, తిన్నది మర్చిపోతారు. ఉన్న ఊరినే మర్చిపోయిన మనిషిని నేను అంతవరకు చూడలేదు. కొడుకుకు చెబుదామంటే నా ఫోను అక్కడ అడుగుపెట్టినప్పటి నుంచి మూగబోయి ఉంది, ఆయన ఫోను ఆయన జేబులోంచి బయటికి రాదు. పొద్దున్నే నా పేరు పెట్టి పిలిచి, టీలో చక్కెర తక్కువైందని తిట్టాడు. ఆ తిట్టు విని ప్రాణం లేచివచ్చింది. అలసటలో ఏదో అన్నాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం నమాజుకు చెట్ల మధ్య ఉన్న ఒక పాత మసీదుకు వెళ్ళాం. నేను ఎప్పటిలాగే బయట గేటు దగ్గర నిలబడ్డాను. నమాజు ముగిసి జనం బయటికి వచ్చారు. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. వరండా మెట్ల మీద చివరికి ఒక్క జత మిగిలింది, ముందు అంచు అరిగిన గోధుమరంగు తోలు చెప్పులు. అవి ఆయనవి. ఇంకా లోపల ప్రార్థనలో ఉన్నాడేమోనని చూశాను. ఎంతకీ రాకపోతే, తప్పో ఒప్పో, లోపలికి తొంగిచూశాను. చాపలు చుడుతున్న ముసలి చైనావాడు ఒక్కడే ఉన్నాడు. అతను నా కంగారు చూసి తోట వెనక వైపు వేలు చూపించాడు. అక్కడ ఇంకో గేటు ఉంది. అది తెరిచి ఉంది.

మీకు ఎలా చెప్పను? కఫీలును వదిలి పారిపోయిన పనివాళ్ళ గురించి విన్నాం గాని, కఫీలునే పోగొట్టుకున్న పనివాడి గురించి మనం ఎప్పుడూ వినలేదు. ఏ బస్సు కిందో పడ్డాడా, ఏ సందులోనో గుండె పట్టుకుని కూలబడ్డాడా, దొరక్కపోతే వాళ్ళ కొడుకుల ముందు ఏ ముఖంతో నిలబడాలి, అసలు నిలబడడానికి సౌదీ చేరగలనా, పాస్‌పోర్టు ఆయన నడుముకు ఉంది కదా, నా భార్య అన్న మాట అక్షరాలా నిజమైంది కదా. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి కాదు, ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఆ చెప్పులు చేత్తో పట్టుకుని, తోటలో అందరం ఆయన్ను పిలిచినట్టే బాబా బాబా అని అరుస్తూ ఆ వీధుల్లో పరుగెత్తాను. తెల్లని పొడుగు చొక్కా కనిపించిన ప్రతి మనిషి వెంటా పడ్డాను. దగ్గరికి పోయి చూస్తే ఒకడు యెమెన్ వ్యాపారి, ఇంకొకడు ఎవరో నల్లజాతి కుర్రవాడు.

లాహోరు మనిషి హోటలు కనిపిస్తే లోపలికి పోయి కూలబడ్డాను. అతను మొన్నటిలా నవ్వలేదు. నీళ్ళిచ్చి, పోలీసులకు చెబుదాం పదమన్నాడు. చేతిలో ఒక్క కాగితం ముక్క లేకుండా పరదేశంలో పోలీసుల దగ్గరికి పోతే ముందు నన్నే లోపల వేస్తారు. అయినా సరేనని లేచాను, ఆయన దొరికితే చాలు, నన్ను ఏం చేసుకున్నా చేసుకోనీ అనిపించింది. లేస్తుంటే బల్లమీద పెట్టిన చెప్పుల వైపు చూసి ఆ మనిషి, ఉత్త కాళ్ళతో ఎక్కడికి పోతాడు అని తనలో తాను అనుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. రేవులో బస్తాలు మోసేవాళ్ళకు చెప్పులెక్కడివి? ఆయన దారి తప్పలేదు. పనికి పోయాడు.

నది వైపు ఎలా పరుగెత్తానో గుర్తులేదు. పడవలు ఆగేచోట, నీళ్ళలోకి దిగే మెట్లలో చివరిదానికి పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొడుగు చొక్కా మోకాళ్ళ పైకి ఎగగట్టుకున్నాడు. పాదాలకు మట్టి, ఒక బొటనవేలు నుంచి రక్తం. ఇంకొక్క అడుగు వేస్తే నీళ్ళే. కేకవేస్తే ఉలిక్కిపడతాడేమోనని ఊపిరి బిగబట్టి, ఒక్కో మెట్టూ దిగి, పక్కకు చేరాను. నన్ను చూసి గబుక్కున లేవబోయాడు, భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ భుజం వణుకుతోంది. అన్నేళ్ళలో ఆయన ముందు నేను వణికాను గాని, నా ముందు ఆయన వణకడం అదే మొదలు.

"ముఅల్లిం, పని ఆపలే," అన్నాడు. "జర కూసున్న, అంతే."

ఆయన కళ్ళకు నేను ఆ జెద్దా రేవు మేస్త్రీని.

"మా అమ్మకు పాణం బాగలేదట," అన్నాడు మళ్ళీ, నా ముఖంలోకి చూడకుండా. "ఊరోళ్ళు చెప్పిన్రు. చుట్టీ ఇయ్యి. చూసి మల్ల వస్త."

ఆ తల్లి పోయి ఎన్ని ఏళ్ళో! మీరు కఫీలు, నేను మీ పనివాణ్ణి, అని చెప్పి ఉంటే ఆయన ఎటు లేచి పరుగెత్తేవాడో, ఆ మాట ఆయన్ను ఏం చేసేదో తెలియదు. అంత భయంలోనూ, ఆ మనిషిని అమ్మ దగ్గరికి పంపించాలని నాకు ఎంత గట్టిగా అనిపించిందో చెప్పలేను.

"ఇచ్చిన, పో," అన్నాను. ఆ వెనకనే, నేను అనుకోకుండానే, రెండో మాట కూడా వచ్చేసింది. "ఎప్పుడొస్తవ్?"

"అమ్మ లేచి తిరగంగనే వస్త."

ఆయన ముఖంలోకి కాసేపు చూసి, మంచిది అన్నాను. పాదాలు తుడిచి చెప్పులు తొడిగాను. ఆయన చిన్నపిల్లవాడిలా నా చేయి పట్టుకున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు ఆయన నడుముకున్న సంచీ వదులై వేలాడుతుంటే నా చేయి దానిమీదికి పోయింది. నా పాస్‌పోర్టు తీసుకోవచ్చు, అడిగేవాడు లేడు. పట్టీ బిగించి మళ్ళీ ఆయన నడుముకే కట్టాను.

మర్నాడే టికెట్లు ముందుకు జరుపుకుని వచ్చేశాం. ఉనైజా చలి తగలగానే ఆయన మళ్ళీ పాత మనిషి అయ్యాడు, ఎందుకలా చిక్కిపోయావని నన్నే అడిగాడు. నది మెట్ల సంగతి పెద్ద కొడుకుకు ఒక్కడికే చెప్పాను. అతను విని, నడుపుతున్న కారు రోడ్డు పక్కకు ఆపేశాడు.

తర్వాతి ఏడాది నేను చుట్టీ అడిగినప్పుడు ఆయనే సంతకం పెట్టాడు, రెండు చేతులతో కలం పట్టుకుని. ఎప్పుడొస్తవని అడిగాడు. చెప్పాను. గడప దాటేలోగా మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. కారెక్కుతుంటే గుమ్మం దాకా వచ్చి ఇంకోసారి అడిగాడు. నేను ఇంటి దగ్గర ఉండగానే ఆయన పోయాడు. రోజూ టీ తాగేటప్పుడు ఆ ఇండియావాడు వచ్చాడా అని అడిగేవాడట, కొడుకు చెప్పాడు.

ఆ తర్వాత తోట కంపెనీ అయింది, మా ఇకామాలు, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డులు, కంపెనీ పేరు మీదికి మారాయి, కొత్త కుర్రవాళ్ళు వచ్చారు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ పెట్టెలోనే ఉంటోంది, ఎవరి చుట్టీ వాళ్ళ ఫోనులోనే. మంచి రోజులే. ఒకడి సంతకం కోసం ఇంకొకడు అన్నం మానేసి వణికే కాలం మళ్ళీ రావద్దనే కోరుకుంటాను. కాని ఈ ఫోను నాకు తేదీ చెప్పింది, ఆ తేదీ దాటితే ఏమవుతుందో చెప్పింది, నన్ను మాత్రం ఏమీ అడగలేదు. నేను రాకపోతే టీ గ్లాసు చేత పట్టుకుని కనుక్కునే మనిషి ఈ తోటలో లేడని నిన్న తెలిసింది నాకు, అందుకే గుండె గుభేలుమంది.

బూడిద మీద నీళ్ళు చల్లి లేచాను. మూసి ఉన్న ఆయన గది ముందు నుంచే నా దారి. గడప దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ చెప్పులు విడిచాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెల్లగానే చెప్పాను.

"రెండు నెలలల్ల వస్త, బాబా."