ఇంటిపేరు ముందున్న పుస్తకం

ఈ పరాయి దేశంలో, పారమట్టా ఊరికి వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్లో ఆయనే రాసిన పుస్తకం ఉంది. హంగరీ డాక్టరట. కథలూ, పత్రికలకు వ్యాసాలూ తన భాషలోనే రాశాడట. నాకు ఒళ్లు మండింది. వైద్యమూ, రాతా రెండూ ఒక్కడికేనా? బడి మొహం చూడకుండా చదువు నేర్చుకున్న నేను రాసిన కథల్ని ఏయే పత్రికలు తిప్పి పంపాయో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అయినా "నేనూ రచయితనే" అన్నాను, ఊరుకోలేక.

ఆయన అట్ట చూపించాడు. "మా దేశంలో ఇంటిపేరే ముందు. క్లినిక్ బోర్డు మీద ఇక్కడివాళ్ల కోసం తిరగేశాను. పుస్తకం మీద మాత్రం తిరగెయ్యలేదు."

"మాదీ అంతేనండీ! ఆసుపత్రికి వెళ్తే ఇక్కడి నర్సులు ఇంటిపేరే నా పేరనుకుని పిలుస్తారు."

ఆయన పకపకా నవ్వాడు. "మరి మీ పుస్తకాల మీద?"

"ఇంటిపేరే ముందు" అన్నాను, ఒక్కటీ అచ్చు కాలేదని చెప్పకుండా.