మావయ్య మాట మానేశాడు

శ్రమ దినాలు వస్తున్నాయంటే మా ఇంటిల్లిపాదికీ గుండెల్లో దడే. మా మావయ్య ఈస్టరు దాకా ఆ నలభై రోజులూ ఏదో ఒక అలవాటు మానేస్తాడు. ఆ శ్రమ మాత్రం మేం పడతాం.

ఓ ఏడు పంచదార మానేశాడు. మా టీ కప్పుల మీదికి వంగి, "వాసనకి దోషం లేదర్రా" అంటూ చల్లారేదాకా పీల్చేవాడు. మరో ఏడు కోపం మానేశాడు. పక్కింట్లో రేడియో మోత మోగితే అత్తయ్యను పిలిచేవాడు.

"ఏమేవ్, నా బదులు కాస్త కోప్పడి రా."

"ఇందులో ఆత్మపరిశీలన ఎక్కడుందండీ?"

"చేసుకుంటున్నా కదే! నీ గొంతు నా కోపానికి చాలదని ఇప్పుడే తెలిసింది."

ఈ ఏడు ఏకంగా మాటే మానేస్తానన్నాడు. అత్తయ్య రెండు చేతులూ జోడించి, "ప్రభువా, నా మొర విన్నావా!" అంది.

మావయ్యది సెలూన్. కత్తెరకన్నా ముందు నోరాడే మనిషి. మొదటివారం పోస్టుమాన్ మావయ్య సైగ అర్థంకాక ఊరికే తలూపిన పాపానికి మీసం పోగొట్టుకున్నాడు. ఆ దెబ్బతో అందరూ సైగలు నేర్చారు. వేలు అడ్డంగా గీస్తే తీసెయ్యమని, పైకి మెలిపెడితే ఉంచమని. పోనుపోను బెంచీ మీద కూర్చున్నవాళ్లు తమలో తాము కూడా సైగలతోనే పోట్లాడుకుంటూ, పడీపడీ నవ్వుకునేవారు.

సెలూన్‌కి ఎదురుగా టైలరు గారి కొట్టు. ఆయన మావయ్యకి చిన్ననాటి నేస్తం. ఆమధ్య గొంతు ఆపరేషన్‌తో ఆయనకి మాట పోయింది. తను చేతులూపితే జనం నవ్వుతారని కొట్టు తలుపు ఓరగా వేసుకుని, ఎవరితోనూ కలవకుండా కుట్టుకునేవారు. అలాంటి మనిషి ఓ సాయంత్రం రోడ్డు దాటి వచ్చి సెలూన్ బెంచీ మీద కూర్చున్నారు. పోస్టుమాన్ బోసిపోయిన పైపెదవి చూపించి మావయ్యమీద ఫిర్యాదు చేశాడు. టైలరు గారు జేబులోంచి నల్లదారం ముక్క తీసి అక్కడ అతికించి చూపారు. బెంచీ బెంచీ అంతా ఘొల్లుమంది. అందరికన్నా ఎక్కువగా ఆయనే నవ్వారు.

నేనింటికొచ్చి ఇదంతా చెబితే అత్తయ్య కూరగాయల కత్తిపీట పక్కన పెట్టేసింది.

"ఆపరేషనైన రోజు మీ మావయ్య అన్నం ముట్టలేదురా. 'వాడిముందు నోరు తెరవాలంటే సిగ్గేస్తోందే' అన్నాడు. నాకిప్పుడు అర్థమైంది."

ఈస్టరు ఆరాధన అయీ అవగానే మావయ్య నోరు తెరిచాడు. ఇన్నాళ్లూ దాచిన కబుర్లన్నీ టైలరు గారి చెవిలో కుమ్మరించసాగాడు. ఆయన ఓపిగ్గా విన్నారు. ఇంకా విన్నారు. చివరికి గాలిలోంచి ఓ సూది తీసి, కన్ను చికిలించి దారం ఎక్కించి, మావయ్య పెదవులు రెండూ కలిపి శ్రద్ధగా కుట్టడం మొదలెట్టారు.

"ముడి గట్టిగా వెయ్యండన్నయ్యా!" అని అరిచింది అత్తయ్య.