కసి తీర్చుకున్న చూ టీచరమ్మ

చైనాలోని షాన్‌డాంగ్‌లో ఆ చుట్టుపక్కల పదూళ్లలో చూ గ్వీలాన్ పేరు తెలియనివాళ్లు లేరు. వానొస్తే కారే గదిలో ముప్పైమూడేళ్లు పాఠం చెప్పి, జిల్లాలో మూడుసార్లు మొదటి బహుమతి తెచ్చిన మనిషి. యాభైతొమ్మిదో ఏట సెర్బియా వచ్చి, దాన్యూబ్ ఒడ్డున ఒక బడిలో చైనా భాష నేర్పుతూ, ఏడాది తిరక్కుండా ఆ దేశపు మాట పట్టేసింది. తోటి పంతులు షావ్ పెయ్‌వెన్‌ది ఆమె జిల్లాయే. నాలుగేళ్లయినా అతనికి రొట్టె అడగడం తప్ప వేరే మాట రాలేదు.

అంతటి మనిషీ పండుగొస్తే డీలా పడేది. చైనా కొత్త సంవత్సరానికి ఇద్దరిలో ఒకరికే సెలవు. ఈసారి వంతు ఆమెది. తొంభై ఏళ్ల తండ్రి ఫోనులో, "ఈ పండక్కి నీ చేతి కజ్జికాయలు, అవే, మాంసం పెట్టి ఉడికించేవి, తిని పోతానే" అన్నాడు.

పది రోజుల ముందు షావ్ ఏడుస్తూ వచ్చాడు. "అక్కా, మా అమ్మ పోయింది."

ఆమె అతనితోపాటు ఏడ్చి, తన సెలవు అతనికిచ్చి, టిక్కెట్టు రద్దు చేసుకుంది.

పండుగనాడు ఒక్కతే యాభై కజ్జికాయలు చేసి, ఏడు కూడా తినలేకపోయింది. అప్పుడే చెల్లెలు ఫోను చేసింది. మాటల్లో షావ్ తల్లి చావు ప్రస్తావన రాగానే చెల్లెలు ఫక్కున నవ్వింది.

"ఎవరు, ఆ ముసల్దా? నిన్న సంతలో నాతో పోట్లాడి మరీ పంది పక్కటెముకలు లాక్కుపోయిందే!"

గ్వీలాన్ ఎవరితోనూ అనలేదు. జాడీలో వెనిగర్ పోసి వెల్లుల్లి ఊరబెట్టినట్టు పదిహేను రోజులు కసిని ఊరనిచ్చింది.

లాంతర్ల పండుగకు బడి ఆవరణలో ఊళ్లోని చైనావాళ్లూ బడివాళ్లూ అంతా చేరారు. మొదటి లాంతరు కట్టడానికి, ఊరినుంచి తిరిగొచ్చిన షావ్ ఎర్ర పట్టుకోటు తొడిగి నిచ్చెన ఎక్కబోతున్నాడు. గ్వీలాన్, ఇంట్లో చావైతే చేతికి కట్టుకునే నల్ల పట్టీ ఒకటి పట్టుకుని ఎదురెళ్లింది.

"తమ్ముడూ, తల్లి పోయి నెల కాలేదు. ఎర్రబట్టలేమిటి? చెయ్యి చాపు, పట్టీ కడతాను."

బట్టల దుకాణం ఫాన్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మో, మైలవాడి చేత మొదటి లాంతరా! ఏడాదంతా నా కొట్లో ఈగ కూడా వాలదు. తప్పుకోవయ్యా!"

"అక్కా, లోపలికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు షావ్.

"మాట్లాడేదేముంది? చెయ్యి చాపు."

చెయ్యి లేవలేదు. నోటితో తల్లిని చంపినవాడికి, బతికున్న తల్లికి పట్టీ కట్టుకోవడం మాత్రం చేతకాలేదు.

"బతికే ఉంది," అన్నాడు తల వంచుకుని. "మా అమ్మ బతికే ఉంది."

హెడ్‌మాస్టరు రదోమిర్ అటూ ఇటూ చూసి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు.

గ్వీలాన్ ఒక్క మాట పోకుండా సెర్బియా భాషలో చెప్పింది. వెనకవాళ్లకు వినిపించలేదేమోనని ఇంకోసారి, గొంతు పెంచి చెప్పింది. హెడ్‌మాస్టరు మొహం కందిపోయింది.

"సార్, ఏప్రిల్‌లో సమాధుల పండుగకు నేను ఊరెళ్తున్నాను. నా క్లాసులు ఇతను చెప్తాడు."

"వెళ్లిరండి," అన్నాడాయన.

ఆమె షావ్ చేతిలోంచి లాంతరు లాక్కుని నిచ్చెనెక్కి కట్టింది. దిగి, అతనికి మాత్రమే వినబడేలా అంది:

"అప్పటిదాకా మా నాన్న బతికుంటే నీ అదృష్టం. లేకపోతే ఈ పట్టీ నేను కట్టుకుని, రోజూ పొద్దున్నే నీ ఎదురుగా కూర్చుంటాను."