పెయింటు కింద నీటిగీత

ఉద్యోగంలో చేరిన రెండో వారమే ఇంటింటికీ తిరిగి అబద్ధాలు వినే పని పడింది నాకు.

సివిల్ ఇంజనీరింగ్ ముగించి, పరీక్ష రాసి, నగరపాలక సంస్థలో వాననీటి కాలువల విభాగానికి వచ్చాను. వరద ముప్పు అంచనా అంటే ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్ మీద రంగురంగుల పటాలు గీయడమనుకున్నాను, పిచ్చిదాన్ని. మా పై ఇంజనీరు నా చేతిలో ఒక టేపూ, ఒక కట్ట ఫారాలూ పెట్టి కె.ఆర్.పురం పంపారు. ఊరి వాననీటిని చెరువుకు మోసే పెద్ద కాలువను ఇక్కడ రాజకాలువ అంటారు. దాని పక్క వీధులన్నీ తిరగాలి. నీళ్లు ఏ ఇంట్లోకి ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీది మరక చూసి కొలవాలి. ఇంటి ఓనరు ఒప్పుకొని సంతకం పెట్టాలి. వీధిలో కనీసం నాలుగిళ్ల వాళ్లు ఒప్పుకుంటేనే ఆ వీధి ఈ ఏడాది జాబితాకెక్కుతుంది, వానలకు ముందే కాలువ గోడ ఎత్తు పెంచుతారు. లేదంటే మళ్లీ మునగాల్సిందే.

నాకిచ్చిన మొదటి వీధి మాదే. పుట్టి పెరిగిన చోటు కదా, గంటలో ముగించుకొస్తానని ఆఫీసులో బడాయి పోయాను.

మా వీధిలో ఓనర్లు మేడ మీద ఉంటారు. కింది వాటాలు కుందలహళ్ళి ఆఫీసులకు పోయేవాళ్లకు బాడిగకిస్తారు. వాన వెలిశాక బురద కడిగి, బ్లీచింగ్ చల్లి, గోడలకు రెండు పూతలు రంగేసి టు-లెట్ బోర్డు తగిలించడం ఏటా జరిగేదే. ఇంట్లోకి నీళ్లొస్తాయని సర్కారు కాగితంలో పడితే బాడిగకు ఎవరొస్తారని అందరి భయం.

"ఏ నీళ్లు పాపా? సుమ్నే, ఊరికే ఎవరో చెప్పింది పట్టుకోని వచ్చినావే" అంది పక్కింటి అత్త. రెండేళ్ల కిందట కింది వాటాలో ఆమె ఫ్రిజ్ నీళ్లలో తేలుతుంటే తాడేసి కిటికీకి కట్టింది నేనే. ఒళ్లు మండింది.

"మరి ఆ ఫ్రిజ్ ఏమైంది అత్తా?"

"పాతదైపోయిందని మార్చినాము" అంది, రెప్ప కూడా వేయకుండా. కాఫీ మాత్రం ఇచ్చింది. మధ్యాహ్నం దాకా తిరిగినా ఒక్క సంతకం పడలేదు.

ఇక మిగిలింది మా ఇల్లు. అక్కడా అదే కథ. మార్చిలో మా నాయన కింది వాటాకు కొత్తగా క్రీమ్ రంగు వేయించాడు. రంగు బాగుందని మెచ్చుకున్నదాన్ని నేనే. దాని కింద ఏముందో తెలిసీ నోరు మూసుకున్నాను. అయినా పోయినేడు వానలప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. "మోకాలికి కూడా రాలేదులే" అని ఫోనులో చెప్పాడు నాయన.

కింది వాటా తలుపు తీసింది కొత్తగా బాడిగకు దిగిన అనంతపురం అమ్మాయి. నేల మీద బొంత పరిచి పసిబిడ్డను పడుకోబెట్టింది. నా మెడలో కార్డు, చేతిలో టేపు చూసింది. "అక్కా, ఈ ఇంట్లోకి నీళ్లు గానీ వస్తాయా?" అని అడిగేసింది.

"వస్తాయి" అన్నాను.

మెట్లు దిగుతున్న నాయన చెవిన పడనే పడింది. "ఏం మాట్లాడ్తాండావు నువ్వు, బాడిగకుండేవాళ్ల ముందర? ఉద్యోగమొచ్చి పదైదు దినాలు కాలేదు, అప్పుడే మన కొంపకే ఎసరు పెడ్తావా?"

"ఉన్న మాట చెప్పినా నాయినా. నీళ్లొచ్చేటప్పుడు పెయింటు చూసి వెనక్కి పోతాయా?"

"వీధిలో నా మొగం ఎట్ల చూపించాల?"

మెట్ల కింద పెయింటరు వదిలేసిపోయిన గీకుడు రేకు తెచ్చి, గుమ్మం పక్కన మోకాళ్ల మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాను. ఇరుగూ పొరుగూ గేట్ల దగ్గరికి వచ్చేశారు. సిగ్గూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. అయినా ఆపలేదు. ఇక్కడ ఆపితే రేపటి నుంచి ఎవరి గోడనూ అడిగే ముఖం నాకుండదు. క్రీమ్ రంగు రాలింది, దాని కింద పాత ఆకుపచ్చ రాలింది, మోకాలి ఎత్తున మట్టిరంగు గీత బయటపడింది. టేపు తీశాను.

నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. రేకు లాక్కుంటాడేమో అనుకున్నాను. ఆయన గోడను చూడలేదు, బొంత మీది బిడ్డను చూస్తున్నాడు.

"అది పోయినేడుది కాదు పాపా" అన్నాడు మెల్లగా. "అది అంతకు ముందుది. పోయినేడు ఇంకా పైకొచ్చినాయి. అప్పుడు బాడిగకుండినోళ్ల ముసలామె మంచంలో ఉండె, లేయలేకపోయె. మంచంతో సహా ఎత్తుకోని మేడ మీదికి తెచ్చినాము. నీకు పరీక్షలని చెప్పలేదు."

నాయన నా చేతిలో రేకు అందుకుని, నిలబడే, నా తలకు పైన గోడను గీకసాగాడు. అలా గీకుతూనే పక్క గేటు వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఆ పొద్దు మంచం ఆ పక్క పట్టుకున్నది నువ్వే కదా. ఈ పిల్లకు చెప్పు, నీళ్లు యాడికి ఉండె?"

పక్కింటి అత్త కొంగు సర్దుకుంటూ మా గేటులోకి వచ్చింది. నా వైపు చూడలేదు. అరచెయ్యి గోడకు గుండెల ఎత్తున ఆనించి, "ఈడికి" అంది.