బాజీ పెట్టిన డిబేట్లో వీరబాబు గేదె

సత్తెనపల్లి దగ్గరి ఒక పల్లెలో మైకు సెట్లు అద్దెకిచ్చే బాజీకి నలభై ఏళ్ళొచ్చినా అతని మాట చివరిదాకా విన్నవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో, ఉరుసుల్లో, ఎన్నికల సభల్లో అందరి గొంతుల్నీ ఊరంతా వినిపించేవాడే గానీ, తను నోరు తెరిస్తే సగంలోనే ఎవరో ఒకరు అందుకునేవారు. ఇంట్లో భార్య జాన్‌బీ అయితే మొదట్లోనే అందుకునేది.

రెండువేల ఒకటిలో టౌన్లో ఒక కాలేజీవాళ్ళు డిబేట్ పోటీకి అతని మైకు పెట్టించుకున్నారు. బాజీ ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని ఆ రోజంతా కళ్ళప్పగించి చూశాడు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు ఊరుకుంటున్నారు. చర్చకు పెట్టే మాటను ప్రతిపాదన అంటారట. దాన్ని నిలబెట్టేది అనుకూల పక్షం, పడగొట్టేది వ్యతిరేక పక్షం. ఎదుటివాడి వాదనలో తప్పు పట్టుకుని కొట్టడం ఖండన. మనిషిని తిట్టకూడదు, మాటనే కొట్టాలి. మధ్యలో అడ్డం రావాలంటే లేచి అనుమతి అడగాలి. గంట కొడితే ఆపాలి. స్వర్గంలో మనుషులు ఇలాగే మాట్లాడుకుంటారనిపించింది బాజీకి.

ఆ ఏడే ఊళ్ళో గొడవ లేచింది. తన పత్తి చేలో వీరబాబు గేదె పడి మేసిందని పిచ్చయ్య, మేయలేదని వీరబాబు. పెద్దమనుషులు ఎన్నిసార్లు కూర్చోబెట్టినా అందరూ ఒకేసారి అరవడంతో ఏదీ తేలలేదు. డిబేట్ పెడదామని బాజీ అంటే, విసిగిపోయి ఉన్న పెద్దలు సరేనన్నారు. స్కూలు టీచరు నసీమున్నీసా గారు న్యాయనిర్ణేతగా ఉండటానికి ఒప్పుకున్నారు.

స్కూలు ఆవరణలో జనం చేరాక బాజీ ప్రతిపాదన చదివాడు: "వీరబాబు గేదె పిచ్చయ్య పత్తి మేసింది." తర్వాత రూపాయి బిళ్ళ ఎగరేశాడు. కాలేజీలో పక్షాలు అలాగే తేల్చారు మరి. అనుకూల పక్షం వీరబాబుకూ, వ్యతిరేక పక్షం పిచ్చయ్యకూ పడింది.

"ఒరేయ్ బాజీ, నా గేదె మేసిందని నేనే చెప్పాలా?" అన్నాడు వీరబాబు.

"రూలంతే మావా. మన పక్షం మనం ఎంచుకోకూడదు."

ఓడితేనే లాభమని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. వీరబాబు మైకు దగ్గరికొచ్చి, మేసిందేమో ఎవరికి తెలుసు అని గొణిగి కూర్చున్నాడు. పిచ్చయ్య అంతకన్నా నీరసంగా, మేయలేదేమోలెండి అన్నాడు. జనం విరగబడి నవ్వారు. వెనకనుంచి ఎవరో, ఇద్దరికీ నోట్లో నాలుక లేదన్నారు. ఆ మాట ఇద్దరికీ తగిలింది.

రెండో విడతలో వీరబాబు గొంతు పెంచి, మర్నాడు గేదె పేడలో పత్తిగింజలు కనపడ్డాయని బయటపెట్టాడు. పిచ్చయ్య చెయ్యెత్తి, అనుమతి తీసుకుని లేచాడు.

"పత్తిగింజలు దాణా పెట్టని ఇల్లు ఈ ఊళ్ళో ఉందేమో చెప్పమనండి టీచరుగారూ. నా గేదె పేడలోనూ ఉంటయ్యి. అంటే నా చేను నా గేదే మేసిందా?"

చప్పట్లు మోగాయి. వీరబాబు ఒళ్ళు మండి, తెగిన పలుపుతాడు సంగతీ, గట్టుమీది గిట్టల గుర్తుల సంగతీ చెప్పేశాడు. పిచ్చయ్య ఒక్కోదాన్నీ పట్టుకుని కొట్టాడు. గంటకు బదులు బాజీ స్టీలు గ్లాసు మీద గరిటెతో కొడితే, ఇద్దరూ ఎక్కడి మాట అక్కడ ఆపుతున్నారు. అది చూసి బాజీ కళ్ళు చెమర్చాయి.

ఖండన బలంగా ఉందని టీచరుగారు పిచ్చయ్యను గెలిపించారు. గేదె నిర్దోషి అయింది. పిచ్చయ్యను భుజాలమీద ఊరేగించి ఇంటిదగ్గర దింపారు. అయితే మన పత్తి ఎవరు మేసినట్టు అని భార్య పిచ్చమ్మ అడిగింది. అన్నం ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాడు గానీ, గెలిచిన వాదన వదులుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

అటు వీరబాబుకు ఓటమి మింగుడుపడలేదు. పొద్దున్నే బాజీని వెంటబెట్టుకుని, గేదెను పిచ్చయ్య చేలోకి తోలి, రుజువు చూడమన్నాడు. గేదె తల వంచి ఆకులు దూయడం మొదలుపెట్టింది. పిచ్చయ్య పరుగెత్తుకొచ్చి గట్టుమీద నిలబడ్డాడు.

"అది మేయటంలా. వాసన చూస్తంది," అన్నాడు.

"కళ్ళు కనపడట్లా? నములుతంది."

"నెమరేస్తంది. ఇంటికాడ తిన్నదే."

గ్లాసూ గరిటే తెచ్చుకోనందుకు బాజీ ఎంతో బాధపడ్డాడు. ఒక సాలు మొత్తం బోసిపోయాక, గేదె తనంతట తనే ఇంటిదారి పట్టింది.

ఆ రోజునుంచి వీరబాబు, గేదె చేసిన తప్పుకు పరిహారమంటూ పిచ్చయ్య ఇంటికి పొద్దున్నే చెంబెడు పాలు పంపేవాడు. పుచ్చుకుంటే ఓడినట్టేనని పిచ్చయ్య తిప్పి పంపేవాడు. వెనక్కి తీసుకోవడం వీరబాబుకూ నామోషీయే. ఆ పాలు దారిలో బాజీ ఇంట ఆగిపోయేవి. జాన్‌బీ ఏ పక్షమూ అడక్కుండా కాచి తోడుపెట్టేది. ఆ చలికాలమంతా వాళ్ళింట్లో గడ్డపెరుగుకు లోటులేదు.