గుంటలోంచి తిరిగొచ్చిన బంతి

నేను పది మాటలు చెబితే తొమ్మిది కోతలని జగ్గయ్యపేటలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. ఇది ఆ పదోది. నవ్వకండి. నా చేతులు చూడండి... చెప్పబోతుంటేనే రోమాలు లేచాయి.

నా పని తెలుసుగా. గేదె మూతి కూడా పెట్టని గడ్డి పరుస్తా. ప్లాస్టిక్కుది. లెక్కల మాస్టారికి కాస్త విశ్రాంతి ఇద్దామని ఎనిమిదో తరగతిలో బడి మానేసినోణ్ణి, ఇప్పుడు నేల వాటం అరంగుళం తేడా వచ్చినా పట్టేస్తా. మొన్న ఎండాకాలం నందిగామ చివర ఒక సారు కొత్తింట్లో పని తగిలింది. పెరట్లో గోల్ఫు పచ్చిక కావాలన్నాడు. పెద్ద మైదానం కాదు. చిన్న పచ్చిక, మధ్యలో ఒక గుంట. కర్రతో బంతిని మెల్లగా తట్టి అందులోకి దొర్లించాలి. అంతే ఆట.

నేనూ మా బామ్మర్ది శీనూ వెళ్లాం. చూస్తే పెరటి నడిమధ్యలో మోకాలెత్తు ప్లాస్టిక్ గొట్టం. నాలుగంగుళాలది.

"ఇదేంటి బావా, ఇల్లు చుట్ట కాలుస్తోందా?" అన్నాడు శీను.

నేనూ పగలబడి నవ్వా. వెనకనుంచి ఒక ముసలావిడ గొంతు.

"నవ్వమాకండి నాయనా. కింద మా ఆయనున్నాడు."

మంగమ్మ. ఆ స్థలానికి కాపలా. ఇల్లు రాకముందు అక్కడ తోట ఉండేదంట, తోటలో బావి. ఆమె మొగుడు పూడిక తియ్యడానికి దిగాడు. గట్టు కూలి మీద పడింది. రెండ్రోజులు తవ్వారు. దొరకలేదు. ఇంకా తవ్వితే తవ్వేవాళ్లూ పోతారని... పూడ్చేశారు. మనిషితో సహా. బావి పూడిస్తే ఊపిరికని ఒక గొట్టం వదలడం మా వైపు మామూలే. అందరూ గంగమ్మకని వదుల్తారు. ఈవిడ మొగుడికని వదిలింది. రోజూ పొద్దుగూకే వేళ వంగి, గొట్టం దగ్గర నోరు పెట్టి, ఆ రోజు సంగతులన్నీ చెబుతుందంట.

"దాన్ని మాత్రం ముయ్యమాక నాయనా."

"ముయ్యను పిన్నీ. ఒట్టు" అన్నా. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నా.

సారేమో ఫోన్లో, "ఆ గొట్టం కోసేసి కాంక్రీటు పోసెయ్. వారంలో గృహప్రవేశం" అన్నాడు. "అలాగే సార్" అని ఆయనకీ చెప్పా.

అక్కడే నా తెలివి వెలిగింది. ఆటకి కావాల్సిన గుంట నాలుగంగుళాలూ ఓ పిసరు. గొట్టం నాలుగంగుళాలు. నేలమట్టానికి కోసి దాన్నే గుంట చేసేస్తే? బంతి కిందికి పోకుండా, గాలి ఆగకుండా, మూతిలో చిల్లుల గిన్నె దించితే సరి. సారుకి ఆట, మంగమ్మకి గొట్టం.

"బావా, నువ్వు చదువుకునుంటే దేశం ఏమైపోయేదో" అన్నాడు శీను.

నాలుగు రోజులు తవ్వి, కంకర పోసి, రోలర్ తొక్కించాం. పచ్చిక మాత్రం పగలు అంటించలేం. ఆ ఎండకి ప్లాస్టిక్ సాగుద్ది, జిగురు పట్టకముందే ఆరిపోద్ది. రాత్రి మొదలెట్టాం. ఒంటిగంటకి అతుకులు అంటించి, ఇసుక బస్తాలు బరువు పెట్టి కూర్చున్నాం. గిన్నె ఇంకా దించలా. మంగమ్మ ముందు గేటు దగ్గర రేకుల షెడ్డులో పడుకుంది.

శీను ఊరుకోడుగా. వాటం చూద్దామని రెండు బంతులు తట్టాడు. రెండూ గుంటలోకే. పడ్డాయి... పడుతూనే ఉన్నాయి... అడుగు తగిలిన చప్పుడు మాత్రం రాలా.

"మంగమ్మ మొగుడు పట్టుకున్నాడేమోరా."

అది నేనే అన్నా. ఈ నోటితోనే.

హైవే మీద లారీల మోత ఎందుకో ఒక్కసారి ఆగింది. అప్పుడు...

టక్.

గొట్టంలో. బాగా లోతుగా.

టక్... టక్... బిందెలో గోలీ దొర్లినట్టు. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్. ఈసారి ఇంకా పైకి.

సెల్లు లైటు వేశా. గుంట నల్లగా ఉంది. ఆ నలుపులోంచి తెల్లగా... బంతి. అంచు దాకా వచ్చి ఆగింది. కిందనుంచి ఎవరో వేలితో నెట్టినట్టు ఊగింది. బయటికొచ్చింది.

ఇది వినండి. ఆ నేలకి వాటం కట్టింది నేను. ఏ పక్కనుంచైనా గుంటలోకే పల్లం. ఆ బంతి ఎదురెక్కి... మెల్లగా... నా బొటనవేలికి తగిలి ఆగింది. తడిగా ఉంది. బురద అంటుకునుంది.

రెండో బంతి కోసం చూశాం. రాలేదు. గాలొచ్చింది. వెచ్చగా. ఆగింది. మళ్లీ వచ్చింది... ఆగింది. నిద్రపోయే మనిషి పక్కన కూర్చుంటే ఎలా తగులుద్దో, అలా.

"ముయ్ బావా! ముయ్!" శీను ఏడుస్తున్నాడు.

మంగమ్మని పిలవొచ్చు. ఇంటి ముందుకెళ్లి ఒక్క కేకేస్తే చాలు. ఇన్నేళ్లు ఆమె ఎదురుచూసింది దీనికోసమే. పిలవలా. ఒట్టు గుర్తుంది. గుర్తుండే చేశా. ఖాళీ సిమెంటు సంచి ఉండచుట్టి గొట్టంలో కుక్కా. కుక్కుతుంటే... కిందనుంచి నెట్టింది. రెండు చేతులతో నొక్కిపట్టి, శీను చేత కాంక్రీటు కలిపించి పోశా. పైన గిన్నె దించా.

తెల్లారి మంగమ్మ వచ్చింది. పచ్చిక నిమిరింది. వంగి గుంటకి చెంప ఆనించింది.

"ఊపిరి తగలట్లేదేంటి నాయనా?"

"అడుగున జాలీ పెట్టా పిన్నీ. గాలి సన్నగా ఆడుద్ది."

"మరి నా మాట వినబడుద్దా?"

"వినబడుద్ది."

భూమిలో గాలి అయ్యుంటదని ఒకడన్నాడు. ఊట అని ఇంకోడు. ఆ ఎండలకి బోర్లే ఎండిపోతే ఊటెక్కడిది? ఏమో. నాకు తెలీదు. శీను ఈ పని మానేసి సిమెంటు లారీ ఎక్కాడు. ఆ రాత్రి మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తాడు.

నిన్న సారు ఫోన్ చేశాడు. గుంట చుట్టూ పచ్చిక ఉబ్బుతోందంట, వచ్చి చూడమన్నాడు. పెట్టేసే ముందు నవ్వుతూ ఇంకో మాట అన్నాడు.

"మా కాపలా ముసలావిడ లేదూ... సాయంత్రమైతే ఆ గుంట దగ్గరే. ఇదివరకు ఏదో ఒకటి చెబుతూ ఉండేదయ్యా. ఈమధ్య చెప్పడం మానేసింది. చెవి ఆనించి... ఊఁ కొడుతోంది."

కాంక్రీటు పోసింది నేను. ఈ చేతులతో. జానెడు మందం.