పగటి నిద్రకు కాస్త గాలి

మా అక్కవాళ్ల క్వార్టర్‌లో ఎండాకాలం పగలు కూడా రాత్రిలాగే ఉండేది. బావ ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చి, తిని పడుకున్నాడంటే ఇల్లంతా ఆయనతో పాటు కళ్లు మూసుకునేది. కుక్కర్ విజిల్ వెయ్యకూడదు. టీవీకి గొంతు ఉండదు. కూరగాయలమ్మే ఆమె కూడా మా లైన్‌లోకి రాగానే అరుపు ఆపి, గేటు గడియ మెల్లగా కదిపేది. ఆ చీకట్లో అటూ ఇటూ తిరుగుతుంటే నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉండేది నాకు.

ఇళ్లలో గాలి ఎలా ఉంటుంది, ఎండకు మనుషులు ఎలా ఓర్చుకుంటారు అన్నది నా పరిశోధన. రాత్రి షిఫ్టు వాళ్లు పగలు పడుకునే గదుల్లో గాలినీ వేడినీ కొలిచే మీటర్లు పెట్టడానికి గోదావరిఖని వచ్చి అక్క దగ్గర దిగాను. మీటర్లతో పాటు ప్రశ్నలు కూడా ఉండేవి: వేడిగా ఉందా, ఫరవాలేదా, చల్లగా ఉందా అని. ఇంటికొచ్చిన మనిషితో మా ఇల్లు ఉడికిపోతోందని మావాళ్లు చెప్తారా? "మంచిగనే ఉంది" అంటూ ఫ్యాను నా వైపు తిప్పేవాళ్లు. వాళ్ల నుదుటి మీద చెమట చూస్తూ ఆ జవాబే రాసుకునేదాన్ని.

ఒకరోజు వంటింట్లో అక్క గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పింది. అంతకుముందు నెలలో, తెల్లవారబోతుండగా, స్టీరింగ్ ముందు బావ కళ్లు మూతపడ్డాయట. డంపర్ పోయి రోడ్డు పక్కన పోసిన మట్టి గట్టుకు ఆనుకుని ఆగింది. గట్టు అవతల గని లోతు.

"గాలి మీద చదువు అన్నవ్ గద" అంది అక్క. "మీ బావకు నిద్ర మంచిగ పట్టెటట్టు చెయ్యి చెల్లె."

చదువులో అంతకన్నా పెద్ద పరీక్ష నాకెవరూ పెట్టలేదు. భయం వేసింది.

అక్క తనకు తోచిందంతా చేసింది. ఏసీ పెట్టించింది. వెలుతురు రాకుండా కిటికీకి దుప్పటి కట్టింది. బొగ్గు దుమ్ము రాకుండా పైన వెంటిలేటర్‌లో పాత చీర కుక్కింది. ఏసీ వేస్తే బయటి నుంచి కొత్త గాలి వస్తుందని ఆమె నమ్మకం. నిజానికి అది ఉన్న గాలినే చల్లబరుస్తుంది. పడుకున్న మనిషి వదిలిన ఊపిరి ఆ గదిలోనే ఉండిపోతుంది. విషమేమీ కాదు గానీ నిద్ర పలచబడుతుంది, లేచాక తల బరువుగా ఉంటుంది. ఎంత చేరుతుందో చూద్దామని మంచం తలాపున ఒక చిన్న మీటర్ పెట్టి, నేను వేరే ఇళ్లకు వెళ్లిపోయాను.

సాయంత్రం చూస్తే లెక్క కుదరలేదు. గది కొలత తెలుసు, ఒక మనిషి నిద్రలో వదిలే ఊపిరి ఎంతో తెలుసు. మీటర్ చూపించింది అంతకు దాదాపు రెట్టింపు. బావ భారీ మనిషే గానీ ఇద్దరి ఊపిరి వదిలేంత కాదు. మీటరే పాడైందని తిట్టుకుంటూ వాకిట్లోకి తెచ్చి చూశాను. అక్కడ సరిగ్గానే పనిచేసింది. మర్నాడు కూడా లోపల అదే తీరు.

అక్క పెరట్లో గోకరకాయ ఒలుస్తోంది. పక్కన కూర్చుని, బావ పండుకున్నప్పుడు లోపల ఇంకెవరన్నా ఉంటున్నారా అని అడిగాను. ఆమె ఇంకో రెండు కాయలు ఒలిచింది.

"నేనే" అంది చివరికి. "మూలకు కూసుంట."

చీకట్లో కూర్చుని ఏం చేస్తావంటే, ఆయన నిద్ర చూస్తానంది. ఎట్లా దొర్లుతున్నాడో, ఎప్పుడు గట్టిగా పట్టిందో చూస్తుందట. పట్టలేదనిపిస్తే ఆ రాత్రి ఏదో ఒక సాకు చెప్పి డ్యూటీకి నాగా పెట్టిస్తుంది. పట్టిందని నమ్మకం కుదిరితేనే టిఫిన్ కడుతుంది.

చెప్పక తప్పలేదు. మూసిన ఆ చిన్న గదిలో ఇద్దరి ఊపిరికి చోటు చాలడం లేదని, చెప్పగలిగినంత మెల్లగా చెప్పాను. అక్క చేతిలో కాయ చేతిలోనే ఉంది.

"అంటే నేను ఊపిరి తీస్కోకుండ కూసోవాల్నా?"

నాలిక కరుచుకున్నాను. ఆ పూట నా చదువు మీద నాకే కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున అక్కే స్టూలెక్కి వెంటిలేటర్‌లోంచి చీర లాగేసింది. దుమ్ము ఆగడానికి అక్కడ పల్చటి గుడ్డ కట్టాం. గాలి ఒక దిక్కు వచ్చి ఇంకో దిక్కు పోయేలా గది తలుపు జానెడు తెరిచి ఉంచాం. చల్లదనం కొంత పోతే పోయిందనుకున్నాం. అక్క గదిలోంచి బయటికైతే వచ్చింది గానీ దూరం పోలేదు. గడప ఇవతల అడ్డంగా చాప వేసుకుని, చెవి లోపలికి పెట్టి ఒరిగింది.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అక్క ఆ చాప మీదే నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గడప అవతల, తెరిచిన తలుపు పక్కన, బావ నేల మీద కూర్చుని ఉన్నాడు. పడుకున్న మనిషిని దాటకూడదు, లేపడానికేమో మనసు రాలేదు. చాయ కూడా తాగకుండా ఎప్పటి నుంచి కూర్చున్నాడో. నన్ను చూసి, చప్పుడు చెయ్యొద్దని చెయ్యి ఊపాడు. నేను ఇవతల కూలబడ్డాను.

నిద్ర పట్టిందా అని గుసగుసగా అడిగాను.

"ఇయ్యాల పట్టింది" అన్నాడు. గొంతు ఇంకా తగ్గించి, "ఆమె మూలకు కూసుంటదని నాకెర్కనే. కదిలితే ఫికర్ పడతదని, నిద్ర రాకున్నా వచ్చినట్టు పండేటోన్ని."

ఆ దొంగ నిద్రనే నిజమని నమ్మి అక్క ఇన్నాళ్లూ టిఫిన్ కట్టి ఆయన్ని గనికి పంపింది.

"అక్కకు చెప్పాలె బావా" అన్నాను.

"చెప్త" అన్నాడు ఆమె వైపు చూస్తూ. "ముందుగాల పండనియ్యి."

వెంటిలేటర్‌కు కట్టిన గుడ్డ లోపలికి ఉబ్బి, మళ్లీ వెనక్కి పోతోంది. గడపకు ఆయన అటు, నేను ఇటు, అక్క లేచేదాకా అట్లాగే కూర్చున్నాం.